సవర బడిలో గురువెవరు?

చీడికాడ మండలంలో కొండ కింది గిరిజన గూడేల పిల్లల చదువు గురించి మాట్లాడాలంటే ముందు పర్లాకిమిడి దాకా వెళ్ళాలి. తెలుగు నేల మీద కొండ పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పాలన్న ప్రయత్నం అక్కడే గట్టిగా జరిగింది.

గిడుగు రామమూర్తిని మన వాచకాలు వ్యవహారిక భాషోద్యమ నాయకుడిగా చూపిస్తాయి. సవరల కోసం సొంత డబ్బుతో బడులు పెట్టాడని, సవరలో పుస్తకాలు రాశాడని ఒక్క వాక్యంలో చెప్పి దాటేస్తాయి. ప్రభుత్వం వెయ్యి రూపాయలు ఇవ్వబోతే బడికే ఖర్చు పెట్టమన్న మనిషి ఆయన. ఆ గొప్పతనాన్ని మేం కాదనం. 1931లో సవర భాష మీద ఆయన పుస్తకం, 1938లో నిఘంటువు అచ్చయ్యాయి. మరి ఆ భాష ఆయనకెక్కణ్ణుంచి వచ్చింది? ఇంట్లో పెట్టుకున్న సవర మనిషి నోటి నుంచి. శిష్యుడి పుట్టినరోజు, ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవమైంది. గురువు పేరు ఏ వాచకంలోనూ లేదు. సవరలేమో చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 1936లో మంగెయి గొమాంగో తమ భాషకు సొరాంగ్ సొంపెంగ్ అనే లిపినే ఇచ్చాడు. అదీ మన బడిదాకా రాలేదు.

సరిగ్గా ఆ 1931లోనే, ఆగస్టు 2న, బొలీవియాలో ఆండీస్ కొండల నడుమ వరిసాత అనే చోట ఒక బడి లేచింది. పెట్టింది ఇద్దరు: ఎలిసార్దో పెరెస్ అనే పంతులు, అవెలీనో సిన్యాని అనే అయ్‌మారా ఆదివాసి. ఊరి పెద్దల సభే బడిని నడిపింది. అక్షరాలతోపాటు సేద్యం, చేతిపనులు అన్నీ చదువే. భూస్వాములకు కంటగింపు కాకుండా ఉంటుందా? 1940ల మొదట్లో ప్రభుత్వమే దాన్ని అణిచేసింది. అయితే 2010లో బొలీవియా విద్యాచట్టానికి ఆ ఇద్దరి పేర్లే పెట్టారు. అందులో సిన్యాని పేరు ముందుంది.

మన దగ్గర 2004లో 8 గిరిజన భాషల్లో ప్రాథమిక తరగతుల చదువు మొదలుపెట్టారు. వాచకం సరే, ఆ భాష వచ్చిన పంతులేడీ? షెడ్యూల్డు ప్రాంతంలో టీచరు ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే అని 2000లో జీవో 3 వచ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. చీడికాడ గూడేలకు ఆ తీర్పుతో కొత్తగా పోయిందేమీ లేదు. అవి ఐదో షెడ్యూలు గీతకు ఇవతల ఉన్నాయి. జీవో బతికున్న ఇరవయ్యేళ్ళూ అది వాళ్ళ బడి గడప తొక్కలేదు.