తొలగించడమంటే ఏమిటి? విండోస్, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ వివాదం (1995–2002)

కొత్త కంప్యూటర్ కొన్నప్పుడు మీరు కోరని ప్రోగ్రాములు కొన్ని అందులో ముందే ఉంటాయి. వాటిలో కొన్నింటిని తీసివేయగలరు, కొన్నింటికి ఆ వీలే కనిపించదు. ఈ హద్దును ఎవరు గీయాలి? ఈ ప్రశ్నపై అమెరికాలో జరిగిన న్యాయపోరాటాన్ని ఈ భాగంలో పరిశీలిద్దాం.

నేపథ్యం

1994 చివరలో నెట్‌స్కేప్ సంస్థ నావిగేటర్ అనే బ్రౌజర్‌ను విడుదల చేసింది. అది త్వరలోనే విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. ప్రోగ్రాములు బ్రౌజర్ మీదనే నడిచే రోజు వస్తే, దాని కింద ఏ ఆపరేటింగ్ సిస్టమ్ ఉందన్నది ముఖ్యం కాదు. మైక్రోసాఫ్ట్ ఆందోళనకు కారణం ఇదే. అందువల్ల ఆ సంస్థ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ను విండోస్‌తో కలిపి ఇచ్చింది. దానిని తొలగించరాదని కంప్యూటర్ తయారీదారులకు షరతు పెట్టింది.

కోర్టులో వివాదం

1997 డిసెంబరులో జడ్జి థామస్ పెన్‌ఫీల్డ్ జాక్సన్ ఈ షరతును తాత్కాలికంగా నిలిపివేశారు. బ్రౌజర్‌ను తీస్తే విండోస్ సరిగా పనిచేయదని మైక్రోసాఫ్ట్ వాదించింది. 90 సెకన్లలోపే దానిని తొలగించవచ్చని, ఆ తరువాత కూడా విండోస్ పనిచేసిందని జడ్జి పేర్కొన్నారు. పోయింది పైకి కనిపించే భాగమేనని, అసలు కోడ్ లోపలే ఉందని సంస్థ బదులిచ్చింది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఇరుపక్షాలూ 'తొలగించడం' అనే మాటనే వాడాయి, కాని దాని అర్థం ఇద్దరికీ ఒకటి కాదు. వినియోగదారుడికి బ్రౌజర్ కనబడకుండా, తెరుచుకోకుండా పోతే చాలునన్నది ఒక అర్థం. కోడ్ మొత్తం పోవాలన్నది రెండవ అర్థం.

1998 మే నెలలో అమెరికా ప్రభుత్వం, పలు రాష్ట్రాలు కలిసి ప్రధాన దావా వేశాయి. అదే ఏడాది జూన్‌లో వచ్చిన విండోస్ 98లో, ప్రోగ్రాములను తొలగించే జాబితాలో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ పేరు లేదు. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఎడ్వర్డ్ ఫెల్టెన్ దానిని తీసివేసే ప్రోగ్రామును రూపొందించి సాక్ష్యమిచ్చారు.

ఫలితాలు

సంస్థను రెండుగా విభజించాలని 2000లో జడ్జి జాక్సన్ ఆదేశించారు. 2001 జూన్ 28న అప్పీలు కోర్టు ఆ ఆదేశాన్ని రద్దు చేసింది. అయితే ఆ జాబితా నుంచి బ్రౌజర్‌ను మినహాయించడం గుత్తాధిపత్యాన్ని కాపాడుకునే చట్టవిరుద్ధ చర్య అని తీర్పు చెప్పింది. 2002లో కోర్టు ఆమోదించిన ఒప్పందం ప్రకారం తయారీదారులు, వినియోగదారులు బ్రౌజర్ గుర్తును దాచి, వేరొకదానిని ఎంచుకోవచ్చు. కోడ్ మాత్రం లోపలే ఉండవచ్చు. అంటే చివరకు నిలిచింది మొదటి అర్థమే. అప్పటికే నావిగేటర్ మార్కెట్‌ను కోల్పోయింది. న్యాయం నడిచే వేగం, మార్కెట్ మారే వేగం ఒకటి కావని దీనివల్ల తెలుస్తుంది.

అయితే ఆ ప్రశ్న అక్కడితో ముగియలేదు. ఐరోపా సమాఖ్య డిజిటల్ మార్కెట్ల చట్టం కారణంగా 2024లో అక్కడి విండోస్ వినియోగదారులకు ఎడ్జ్ బ్రౌజర్‌ను తొలగించే వీలు కలిగింది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

గుర్తును దాచడానికీ, ప్రోగ్రామును తొలగించడానికీ గల తేడా ఈ వివాదంలో ఎందుకు కీలకమైంది? మీ సొంత మాటల్లో వివరించండి.