గెలాక్సీల తలరాత మార్చే క్లస్టర్లు: గుంపులో చేరితే ఏమవుతుంది?

వందలు, వేల గెలాక్సీలు గురుత్వాకర్షణ వల్ల ఒకే చోట కట్టుబడి ఉంటే ఆ గుంపును గెలాక్సీ క్లస్టర్ అంటారు. మనకు దగ్గర్లోని పెద్ద క్లస్టర్ పేరు విర్గో. ఇది సుమారు 5.4 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. ఇందులో వెయ్యికి పైగా గెలాక్సీలున్నాయి. 2019లో ఫొటో విడుదలైన బ్లాక్ హోల్ ఈ క్లస్టర్ నడిబొడ్డున ఉన్న ఎం87 గెలాక్సీదే.

ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు. గెలాక్సీల విషయంలో దీనికి కోట్ల ఏళ్లు పడుతుంది, అంతే తేడా.

తేడా ఎలా తెలిసింది?

అమెరికా ఖగోళ శాస్త్రవేత్త అలన్ డ్రెస్లర్ 55 క్లస్టర్లను పరిశీలించి 1980లో ఫలితాలు ప్రకటించారు. గెలాక్సీలు పలుచగా ఉన్నచోట సుడి ఆకారంలోని స్పైరల్ గెలాక్సీలు ఎక్కువ. వీటిలో కొత్త నక్షత్రాలు పుడుతుంటాయి, అందుకే నీలంగా కనిపిస్తాయి. కిక్కిరిసి ఉన్నచోట స్పైరల్స్ తగ్గిపోయి, గుండ్రంగానో కోలగానో ఉండే ఎలిప్టికల్ గెలాక్సీలు, చేతులు లేని పళ్లెం లాంటి లెంటిక్యులర్ గెలాక్సీలు పెరుగుతాయి. వీటిలో ఉండేవి ఎక్కువగా ముసలి నక్షత్రాలే. రంగు ఎరుపు.

గ్యాస్ పోతే అంతా పోయినట్టే

నక్షత్రాలు పుట్టాలంటే చల్లటి గ్యాస్ కావాలి. గెలాక్సీకి అదే పెట్టుబడి. క్లస్టర్‌లో గెలాక్సీల మధ్య ఉన్న చోటు ఖాళీ కాదు, అక్కడ కోట్ల డిగ్రీల వేడి గ్యాస్ నిండి ఉంటుంది. దానిలోకి ఒక గెలాక్సీ సెకనుకు వెయ్యి కిలోమీటర్లకు పైగా వేగంతో దూసుకొస్తే, ఎదురుగాలిలా ఒత్తిడి పడుతుంది. వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. నక్షత్రాలు కదలవు గానీ, వాటి మధ్యనున్న గ్యాస్ కొట్టుకుపోతుంది. గన్, గాట్ అనే శాస్త్రవేత్తలు 1972లోనే ఈ సంగతి చెప్పారు.

దీనికి మంచి ఉదాహరణ ఈఎస్‌ఓ 137-001. నార్మా క్లస్టర్‌లో పడిపోతున్న ఈ గెలాక్సీ వెనక, ఊడిపోయిన గ్యాస్ 2 లక్షల కాంతి సంవత్సరాలకు పైగా తోకలా సాగింది. అందుకే ఇలాంటి వాటిని జెల్లీఫిష్ గెలాక్సీలంటారు. విచిత్రమేంటంటే, ఆ తోకలోనూ కొత్త నక్షత్రాలు పుడుతున్నాయి.

ఇంకా ఏం జరుగుతుంది?

అన్ని గెలాక్సీల గ్యాసూ ఇలా ఒక్కసారిగా పోదు. కొన్నింటికి బయటి నుంచి వచ్చే గ్యాస్ ఆగిపోతుంది. ఉన్నదంతా వాడేశాక నక్షత్రాల పుట్టుక నిలిచిపోతుంది. పక్కనుంచి వేగంగా వెళ్లే గెలాక్సీల లాగుడుకు మరికొన్నింటి ఆకారమే చెదిరిపోతుంది.

అయితే అన్నింటికీ పరిసరాలే కారణం కాదు. బాగా బరువైన గెలాక్సీల్లో క్లస్టర్‌తో పని లేకుండానే నక్షత్రాల పుట్టుక ఆగిపోవచ్చు. చిన్నవాటిపైనే చుట్టుపక్కల ప్రభావం ఎక్కువ.

మన పాలపుంత క్లస్టర్‌లో లేదు. ఆండ్రోమెడాతో పాటు లోకల్ గ్రూప్ అనే చిన్న గుంపులో ఉంది. దాని గ్యాస్‌ను ఊడ్చేసే ఎదురుగాలి ఇక్కడ లేదు. ఇందులో ఏటా సుమారు ఒకటి, రెండు సూర్యుల బరువంత గ్యాస్ ఇప్పటికీ కొత్త నక్షత్రాలుగా మారుతోంది.