ఇంజను మార్పిడి (కారు)

మోటారు కారులో కర్మాగారం అమర్చిన ఇంజనును తొలగించి, దాని స్థానంలో వేరొక రకపు ఇంజనును అమర్చడాన్ని ఇంజను మార్పిడి అంటారు. పాడైన ఇంజనుకు బదులుగా అదే రకపు ఇంజనును బిగించడం మరమ్మతు మాత్రమే. తక్కువ ధరకు లభించే ప్రాథమిక నమూనా కారును తీసుకొని, అందులో అంతకంటే పెద్ద కారు యొక్క ఇంజనును అమర్చడం ఈ పనిలో ప్రసిద్ధమైన పద్ధతి. ఔత్సాహికులు ఇటువంటి కారును ప్రాజెక్టు కారు అని వ్యవహరిస్తారు. ఇంజనును బిగించడం ఈ పనిలో సులభమైన భాగమే. కారులోని మిగిలిన అవయవాలు ఆ శక్తికి తట్టుకోవడం, నమోదు పత్రంలోని వివరాలతో కారు సరిపోవడం అంతకంటే కష్టమైనవి. హైదరాబాదు నగరంలో ఈ రెండవ విషయం ఖైరతాబాదులోని ప్రాంతీయ రవాణా కార్యాలయంతో ముడిపడి ఉంది.

చరిత్ర

1932లో ఫోర్డు సంస్థ సామాన్యులకు అందే ధరలో ఎనిమిది సిలిండర్ల ఇంజనును విడుదల చేసిన తరువాత, అమెరికా యువకులు పాత తేలికపాటి కార్లలో దానిని బిగించడం మొదలుపెట్టారు. 1962లో బ్రిటన్‌కు చెందిన ఏసీ ఏస్ అనే చిన్న కారులో ఫోర్డు వీ8 ఇంజనును అమర్చగా ఏసీ కోబ్రా రూపొందినది. 1964లో జనరల్ మోటార్స్‌కు చెందిన పాంటియాక్ విభాగం తన మధ్యతరహా కారులో 6.4 లీటర్ల ఇంజనును పెట్టి జీటీఓ పేరుతో అమ్మినది. మధ్యతరహా కార్లలో పెద్ద ఇంజను వాడరాదన్న నియమం ఆ సంస్థలోనే ఉండగా, పాంటియాక్ వారు దీనిని అదనపు సదుపాయంగా చూపి ఆ నియమాన్ని దాటారు.

భారతదేశంలో ఈ పనిని కర్మాగారాలే చేసి చూపించాయి. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ తయారుచేసిన అంబాసిడరులో మొదట సైడ్ వాల్వు ఇంజను ఉండేది. తరువాత 1489 సీసీ ఇంజను వచ్చినది. 1990లలో అదే శరీరంలో జపానుకు చెందిన ఇసుజు 1817 సీసీ పెట్రోలు ఇంజను, ఐదు గేర్ల పెట్టె చేరాయి. కారు ఆకారం పెద్దగా మారకుండానే ఇంజను మూడు తరాలు మారినదన్నమాట. ప్రీమియర్ సంస్థ 118 ఎన్ఈ కారులో ఫియట్ శరీరానికి నిస్సాన్ ఇంజనును జతచేసినది.

తెలుగు ప్రాంతాలలో మాత్రం ఇంజను మార్పిడికి మొదటి కారణం వేగం కాదు, ఇంధన ఖర్చు. పెట్రోలు ధరకు, డీజిలు ధరకు మధ్య వ్యత్యాసం ఎక్కువగా ఉన్న కాలంలో అద్దెకు తిరిగే అంబాసిడర్లకు, పాత పెట్రోలు జీపులకు డీజిలు ఇంజన్లు బిగించుకునేవారు. విజయవాడలోని జవహర్ ఆటోనగర్ వంటి చోట్ల లేతు పని, వెల్డింగు, పాత విడిభాగాలు ఒకే ఆవరణలో దొరకడం ఇందుకు తోడ్పడినది. 2014 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం డీజిలు ధరపై నియంత్రణను ఎత్తివేసినది. ధరల వ్యత్యాసం తగ్గడంతో ఆ అవసరం కూడా తగ్గినది. ఆ తరువాత మిగిలినది ప్రధానంగా వేగం మీద మక్కువతో చేసే మార్పిడి.

మారుతి కార్లలో మార్పిడి

1983 డిసెంబరులో విడుదలైన మారుతి 800 ఈ ప్రయోగాలకు అనువైన కారుగా పేరు పొందినది. ధర తక్కువ, బరువు తక్కువ, విడిభాగాలు ప్రతి ఊరిలోను దొరుకుతాయి. ఉద్గార నియమాల కారణంగా 2010 ఏప్రిల్ నుండి హైదరాబాదుతో సహా 13 నగరాలలో దీని అమ్మకం నిలిచినది. 2014 జనవరిలో ఉత్పత్తి కూడా ఆగిపోయినది. పాతవి తక్కువ ధరకు దొరకడం అప్పటి నుండి మరింత సులభమైనది.

ఇంజను పరిమాణాన్ని సిలిండరు వ్యాసం (బోరు), పిస్టను ప్రయాణించే దూరం (స్ట్రోకు), సిలిండర్ల సంఖ్య నిర్ణయిస్తాయి. మారుతి 800లో బోరు 68.5 మి.మీ., స్ట్రోకు 72 మి.మీ. వృత్త వైశాల్య సూత్రం ప్రకారం ఒక సిలిండరు ఘనపరిమాణం సుమారు 265 ఘన సెంటీమీటర్లు. మూడు సిలిండర్లకు 796. జెన్ కారు ఇంజనుకు నాలుగు సిలిండర్లు. బోరు 72, స్ట్రోకు 61 మి.మీ. కాగా మొత్తం 993. ఎస్టీమ్ ఇంజను 74, 75.5 మి.మీ. కొలతలతో 1298. మొదటి తరం బాలెనో ఇంజను 75, 90 మి.మీ. కొలతలతో 1590. ఈ లెక్కలను విద్యార్థులు స్వయంగా చేసి సరిచూసుకొనవచ్చును.

చివరి మూడు ఇంజన్లు సుజుకి వారి 'జీ' కుటుంబానికి చెందినవి. అందుచేత జెన్‌లో ఎస్టీమ్ ఇంజను, ఎస్టీమ్‌లో బాలెనో ఇంజను పెట్టడం ఔత్సాహికులలో ప్రచారం పొందినది. మారుతి 800లోని మూడు సిలిండర్ల ఇంజను వేరే కుటుంబానికి చెందినది. కాబట్టి దానిలో జెన్ ఇంజను పెట్టదలచినవారు ఇంజనుతో పాటు గేరుపెట్టెను, ఇరుసు కడ్డీలను, ఇంజనును మోసే మౌంటింగులను కూడా మార్చుకోవలసి ఉంటుంది. ఒకే సంస్థ కార్లు గనుక అన్నీ సరిపోతాయనుకోవడం పొరపాటు.

పని విధానం, ఇబ్బందులు

పాత ఇంజనును దించి కొత్తదానిని కూర్చోబెట్టే ముందు బానెట్టు మూసుకుంటుందా, రేడియేటరుకు చోటు మిగులుతుందా, గొట్టాలు స్టీరింగుకు తగులుతాయా అని కొలుస్తారు. బాలెనో ఇంజనుకు స్ట్రోకు ఎక్కువ కావడంతో దాని దిమ్మె ఎత్తుగా ఉంటుంది. మౌంటింగులను కొత్తగా వెల్డింగు చేయించినపుడు అతుకు ఊడితే ఇంజను పక్కకు ఒరిగి ఇరుసు కడ్డీ జారిపోగలదు. పెద్ద ఇంజను ఎక్కువ వేడిని పుట్టిస్తుంది కనుక పాత రేడియేటరు చాలదు. వేసవిలో నగర రద్దీలో ఆగి ఆగి నడిచే కారుకు ఇది ముఖ్యమైన విషయం.

కార్బురేటరు కారులో ఇంధనాన్ని చిమ్మే పద్ధతి గల ఇంజనును పెట్టినచో అధిక పీడనపు పంపు, కొత్త ఇంధన గొట్టాలు, ఇంజనును నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె, దానికి సంబంధించిన మొత్తం వైరింగు అవసరమవుతాయి. తుక్కుకు వచ్చిన కారు నుండి ఇంజనును మాత్రమే కొని, వైరింగును తెగ్గోసి వదిలేసినవారు తరువాత ఎక్కువ కష్టపడవలసి వస్తుంది. వీలైతే కారు మొత్తాన్నీ కొనడమే చౌక.

అన్నింటికంటే నిర్లక్ష్యానికి గురయ్యేవి బ్రేకులు. కదిలే కారు గతిశక్తి దాని వేగపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. గంటకు 80 కి.మీ. వేగంతో పోల్చినపుడు 120 కి.మీ. వేగంలో బ్రేకులు వేడిగా మార్చవలసిన శక్తి రెండింతలకు పైగా, అంటే 2.25 రెట్లు ఉంటుంది. మారుతి 800 బ్రేకులు, 12 అంగుళాల చక్రాలు చిన్న ఇంజనును దృష్టిలో ఉంచుకొని రూపొందించినవి. ముందు భాగంలో బరువు పెరిగినపుడు స్ప్రింగులు, షాక్ అబ్సార్బర్లు కూడా మార్చవలసి ఉంటుంది. ఖర్చు లెక్క వేసుకునేటపుడు ఇంజను ధరను మాత్రమే చూసుకున్నవారి కార్లు షెడ్లలో సగంలో ఆగిపోవడం సాధారణం.

చట్టం

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను వాహనంలో మార్పులకు సంబంధించినది. చట్టం వచ్చిన కొత్తలో యజమాని తాను చేయదలచిన మార్పును నమోదు అధికారికి తెలిపి, ఏడు రోజులలో జవాబు రానిచో అనుమతి లభించినట్లే భావించవచ్చును. 2000లో చేసిన సవరణ ఈ వెసులుబాటును తొలగించినది. తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకు భిన్నంగా నమోదు పత్రంలోని వివరాలు మారే విధంగా వాహనాన్ని మార్చరాదని అది నిర్దేశించినది. గ్యాసు, బ్యాటరీ వంటి ఇతర ఇంధనాలకు మారేందుకు ఆమోదం పొందిన కిట్లు అమర్చుకోవడాన్ని నిబంధనలకు లోబడి అనుమతించినది. ఈ సెక్షను పరిధిపై 2019 జనవరి 9న సుప్రీంకోర్టు, కేరళ నుండి వచ్చిన కేసులో, తయారీదారు నిర్దేశాలకు విరుద్ధమైన మార్పులు చెల్లవని తీర్పు చెప్పినది. అదే సంవత్సరపు సవరణ ద్వారా చేరిన 182ఏ సెక్షను ప్రకారం, అనుమతి లేని ప్రతి మార్పుకు యజమానికి ఐదు వేల రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు శిక్ష గాని, రెండూ గాని విధించవచ్చు.

నమోదు పత్రంలో ఇంజను సంఖ్య, ఛాసిస్ సంఖ్య, ఘనపరిమాణం, ఇంధనం మొదలైనవి ఉంటాయి. 796 సీసీ అని వ్రాసి ఉన్న పత్రంతో 1298 సీసీ ఇంజను గల కారును రోడ్డు మీద నడపడం పై నియమానికి విరుద్ధం. ప్రమాదం జరిగినపుడు బీమా సంస్థ అభ్యంతరం చెప్పే అవకాశం ఉంటుంది. అపుడు దెబ్బ తగిలిన బాటసారికి పరిహారం అందడమే వివాదంలో పడగలదు. ఇది యజమాని సొంత నష్టంతో పోయే విషయం కాదు.

ఖైరతాబాదు కార్యాలయం

ఖైరతాబాదు రవాణా కార్యాలయం హైదరాబాదు మధ్య మండలానికి చెందినది. ఇక్కడ నమోదైన వాహనాలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ 9, తెలంగాణ ఏర్పడిన పిదప టీఎస్ 09, 2024 మార్చి నుండి టీజీ 09 అక్షరాలతో సంఖ్యలు పొందాయి. సొంత కారు నమోదు 15 సంవత్సరాలు చెల్లుతుంది. ఆ తరువాత తనిఖీ జరిపి ఐదేళ్ల చొప్పున పొడిగిస్తారు. ప్రాజెక్టు కార్లు ఎక్కువగా పాతవే కాబట్టి, షెడ్డులో ఎవరి కంటా పడని మార్పు ఈ తనిఖీలో బయటపడుతుంది. తనిఖీలో ఛాసిస్ సంఖ్యపై కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకోవడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. ఇంజను దిమ్మెపై చెక్కిన సంఖ్య పత్రంతో కలవకపోతే అక్కడే తెలిసిపోతుంది. సంఖ్యను అరగదీసి వేరొకటి చెక్కించడం దొంగ వాహనాలతో ముడిపడిన నేరం కనుక ఎవరూ దానిని తేలికగా తీసుకోరాదు.

పోటీలకు మాత్రమే వాడే కార్ల సంగతి వేరు. భారత మోటారు క్రీడా సంఘాల సమాఖ్య నియమాల ప్రకారం మూసివున్న ట్రాకులపై మార్పులు చేసిన కార్లకు ప్రత్యేక విభాగాలు ఉంటాయి. చెన్నై సమీపంలోని ఇరుంగట్టుకోట్టై ట్రాకు, కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వే ఇటువంటివి. అటువంటి కారును ట్రాకు వరకు లారీ మీద తీసుకువెళ్తారు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ తీరాన ఖైరతాబాదు పక్కనే విద్యుత్ కార్ల ఫార్ములా ఈ పోటీ జరిగినది. ఆ రోజు ఆ వీధులను సాధారణ వాహనాలకు మూసివేసి ట్రాకుగా మార్చారు.