అధిక గ్లూకోజ్‌కు మెదడు సహాయక కణాల స్పందన

రక్తంలో చక్కెర అధికమైతే కన్ను, మూత్రపిండం, పాదం దెబ్బతింటాయని చాలామందికి తెలుసు. మెదడుపై దాని ప్రభావం అంతగా చర్చకు రాదు. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగి, 2023లో ప్రచురితమైన సర్వే ప్రకారం దేశంలో సుమారు 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. రాత్రి షిఫ్టుల పని ఈ వ్యాధి ముప్పును పెంచుతుందని పలు అధ్యయనాలు సూచిస్తున్నాయి. 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైన భిలాయి వంటి ఉక్కునగరానికి, అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది దూరపు విషయం కాదు.

నాడీకణాలకు అండగా నిలిచే గ్లియా కణాలలో నక్షత్రాకారంలో ఉండేవి ఆస్ట్రోసైట్లు. నాడీకణాలకు ఇంధనం సమకూర్చడం, వాటి నడుమ మిగిలిన గ్లూటమేట్‌ను తొలగించడం వీటి ముఖ్య విధులు.

ప్రయోగశాలలో సాధారణంగా ఎలుక పిల్లల మెదడు నుంచి ఈ కణాలను వేరుచేసి పోషక ద్రవంలో పెంచుతారు. కొన్నింటికి లీటరుకు 1 గ్రాము, మరికొన్నింటికి 4.5 గ్రాముల గ్లూకోజ్ ఇస్తారు. రక్తపరీక్ష లెక్కలో ఇవి డెసిలీటరుకు 100, 450 మిల్లీగ్రాములు. కలిగిన మార్పు గ్లూకోజ్‌దా, ద్రవపు గాఢతదా అని తేల్చడానికి ఇంకొన్నింటికి మానిటాల్ కలుపుతారు. ఆపై వెస్టర్న్ బ్లాట్ పద్ధతిలో ప్రోటీన్లను విడదీసి, యాంటీబాడీలతో గుర్తించి కొలుస్తారు.

ఆస్ట్రోసైట్ల అస్థిపంజరం వంటి జి.ఎఫ్.ఎ.పి. ప్రోటీన్ విషయంలో ఫలితాలు ఏకముఖంగా లేవు. మధుమేహ జంతువులలో కొన్ని అధ్యయనాలు అది పెరిగిందని, కొన్ని తగ్గిందని తెలిపాయి. అధిక గ్లూకోజ్‌లో పెరిగిన ఆస్ట్రోసైట్ల మధ్య పరస్పర సంపర్కం క్షీణించినట్లు 2010లో అమెరికా పరిశోధకులు వెల్లడించారు. మధుమేహం కలిగించిన ఎలుకలలో కణరక్షక ప్రోటీన్లయిన ఆల్ఫా క్రిస్టలిన్లు పెరిగినట్లు హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 2005లో ప్రచురించారు.

ఈ ఫలితాలను చదివేటప్పుడు జాగ్రత్త అవసరం. ప్రయోగశాలలలో విరివిగా వాడే పోషక ద్రవంలోనే లీటరుకు 4.5 గ్రాముల గ్లూకోజ్ ఉంటుంది. కనుక దేనితో పోల్చారన్నది కీలకం. పైగా మెదడులో గ్లూకోజ్ స్థాయి రక్తంలో కంటే తక్కువ. పళ్లెంలోని కణం సంపూర్ణ మెదడు కాదు. అయినా చక్కెర ప్రభావం నాడీకణాలకే పరిమితం కాదని, వాటి సహాయక కణాలనూ తాకుతుందని ఈ పరిశోధనలు తెలియజేస్తున్నాయి. క్రమం తప్పని పరీక్ష, వైద్యుల సలహా మేరకు నియంత్రణ మెదడు ఆరోగ్యానికీ అవసరమే.