కుండలోని ఫ్లోరైడు

ఫ్లోరైడు అనగానే పట్నవాసికి టూత్‌పేస్టు గుర్తొస్తుంది. మన పల్లెల్లో అది అన్నం కుండలోనే ఉంది. నెల్లూరు జిల్లా గ్రామాల్లో ఎముకలు బిగుసుకుపోయే జబ్బుకు బావినీటి ఫ్లోరైడే కారణమని షార్ట్ బృందం 1937లోనే తేల్చింది. ఆ నీటిని కాచినా ఫ్లోరైడు పోదు. నీరు ఇగిరేకొద్దీ చిక్కబడుతుంది. పాలూ పౌష్టికాహారమూ లేని ఒంటిని మరింత కుంగదీస్తుంది. అంటే జబ్బు తీవ్రతను దారిద్ర్యం కూడా నిర్ణయిస్తుంది.

1967లో నాగార్జునసాగర్ నీళ్ళు కాలువలకెక్కాయి. పటిక, సున్నాలతో ఫ్లోరైడు తొలగించే పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. అయినా ఆ జిల్లా పల్లెలు నదీజలం కోసం దశాబ్దాలు ఎదురుచూశాయి. ఇంటింటికీ శుద్ధజలమంటూ మిషన్ భగీరథ ప్రారంభమైంది 2016లో.

ఫ్లోరైడును రాళ్ళు ఇచ్చాయి. కారణం తెలిశాక గడిచిన ఏళ్ళకు మాత్రం పాలకవర్గాలే బాధ్యులు. వంగిన వెన్నెముకల్లో రాసివున్నది ఆ జాప్యపు చరిత్రే.