ఆకులో చెయ్యి పెట్టే ముందు

ఆదివారం పొద్దున ఆరు. మృగశిర కార్తె వచ్చి వారం కావస్తోంది. రాత్రంతా వాన పడి ఇప్పుడే తెరిపిచ్చింది. హైదరాబాద్‌లో ఓ కాలనీ పార్కు. గేటు తోసుకుని మీరు లోపలికొస్తారు. వేపచెట్టు కింద ఆరేడుగురు నిలబడి ఉన్నారు. ఒక్క మొహమూ తెలిసింది కాదు.

మీ పేరెవరూ అడగరు. ముందు మీ కాళ్ల వైపు చూస్తారు.

“చెప్పులతో వద్దండీ,” అంటారు టీచరమ్మ. సైన్సు చెప్పి రిటైరైన మనిషి. ఇక్కడ ఎవరు ఏ పని చెయ్యాలో చెప్పేది ఆవిడే. తోటమాలి తన గదిలోంచి గమ్‌బూట్లు తెచ్చి మీ ముందు పెడతాడు. మీ కాలికి కాస్త పెద్దవే. అయినా వేసుకోండి. తోలు గ్లౌజులు కూడా. లోపల ఎవరో వదిలిన మట్టి ఇసుకలా వేళ్లకు తగులుతుంది.

మొదటి పని మేకులు. చేతిలో కటింగ్ ప్లేయర్ పెట్టి మిమ్మల్ని రోడ్డు వైపు కానుగచెట్ల దగ్గరికి పంపుతారు. ట్యూషన్ల బోర్డు. లేడీస్ హాస్టల్ బోర్డు. ఎప్పుడో ఊడిపోయిన బోర్డు తాలూకు మూడు మేకులు. తల పట్టుకుని లాగండి. రాదు. అటూ ఇటూ కొంచెం కొంచెం కదపండి. కీచుమంటూ వదులవుతుంది. తుప్పు నీళ్లు మణికట్టు మీదకి కారతాయి. తీసిన మేకు జేబులో వేసుకోవద్దు, డబ్బాలో వెయ్యండి. సాయంత్రం పిల్లలు ఇక్కడే ఉత్త కాళ్లతో ఆడతారు.

నాలుగో చెట్టుకు సీరియల్ బల్బుల తీగ. ఏ పండక్కో చుట్టి వదిలేశారు. చెట్టు లావెక్కింది. తీగ పెరగదు కదా, బెరడులోకి దిగబడిపోయింది. వేలు పెట్టి చూడండి, తీగకు పైన బెరడు ఉబ్బి ఉంది. ఎందుకంటారా? ఆకులు తయారుచేసిన ఆహారం వేళ్లకు దిగేది బెరడు లోపలి పొరలోంచే. ఉరి బిగిసిన చోట అది ఆగిపోతుంది. వేళ్లు పస్తులుంటాయి. పై కొమ్మలు పచ్చగా కనబడుతూనే చెట్టు మెల్లగా చచ్చిపోతుంది.

ఇక్కడ మీరే తేల్చుకోవాలి. లాగాలా, వదలాలా? లాగితే బెరడు లేచొస్తుంది. బయటికి కనబడే చోటల్లా తుంచండి. ఉరి తెగితే చాలు. లోపలికి పోయిన ముక్కను చెట్టే కప్పేసుకుంటుంది.

తల పైకెత్తితే విరిగిన కొమ్మొకటి కానుగ గుబురులో వేలాడుతోంది. చేతిలో రంపముంటే బాగుండనిపిస్తుంది. వద్దు. కింద నిలబడి కొమ్మ కోయడం నేర్చినవాళ్ల పని. పైగా ఇది మున్సిపాలిటీ పార్కు. తెలంగాణలోనూ ఆంధ్రలోనూ చెట్టు మీద గొడ్డలి వెయ్యాలంటే 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి కావాలి. కింద బెంచీ ఉంది. దాన్ని ఇద్దరు పట్టి పక్కకు జరపండి, చుట్టూ తాడు కట్టండి, ఫొటో తీసి ఫిర్యాదు పెట్టండి. వాలంటీరు చెయ్యగలిగింది అంతే. అది చిన్న పనేం కాదు.

“ఉస్మానియా ఆస్పత్రిలో చింతచెట్టు చూశారా?” టీచరమ్మ తాడు ముడేస్తూ అడుగుతారు. “1908 సెప్టెంబరు 28. మూసీ పొంగి ఊరు కొట్టుకుపోతుంటే 150 మంది ఆ చెట్టు మీదే బతికారు. అలాంటి చెట్టు ఊరికే తయారవుతుందా? ఎవరూ మేకులు కొట్టకుండా, ఉరెయ్యకుండా వదిలేస్తేనే అంత అవుతుంది.”

ఏడు దాటింది. ఎండ ఇంకా రాలేదు గానీ చొక్కా ఒంటికి అంటుకుపోయింది. ఇప్పుడు అసలు పని. వెనక గోడ వెంబడి మోకాలెత్తున ఆకులు. శిశిరంలో వేప, కానుగ రాల్చినవి, ఉగాది ముందు ఊడ్చి ఇక్కడ పోశారు. ఇదివరకైతే అగ్గిపుల్ల గీసేసేవాళ్లు. తెల్లారేసరికి వీధంతా పొగ, మేడ మీద ముసలాయనకు దగ్గు. ఆకుల్ని చెత్త అనడం నాకు బొత్తిగా నచ్చదు. చెట్టు నేలలోంచి తీసుకున్నదాన్ని నేలకే తిరిగిస్తోంది. దాన్ని కాల్చి, మళ్లీ సంచుల్లో ఎరువు కొని తెచ్చి అదే చెట్టుకు వెయ్యడమేం తెలివి? చెత్తను బహిరంగంగా కాల్చకూడదని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలూ చెప్పాయి. నియమం లేకపోయినా మాట అదే.

మూలన ఇటుకలతో కట్టిన గుంత ఉంది. జానెడు ఆకు, పైన పేడనీళ్లు, పైన పిడికెడు మట్టి, మళ్లీ ఆకు. పదిహేను రోజులకోసారి తిరగెయ్యాలి. అప్పుడప్పుడు తడపాలి. కొన్ని నెలలకు నల్లగా, వాన పడ్డ నేల వాసనతో ఎరువు.

బుట్ట తెచ్చుకున్నారు. కుప్ప ముందు గొంతుకు కూర్చున్నారు. రెండు చేతులూ చాపి ఒక ఒడి ఎత్తబోతారు.

“ఆగుండ్రి!”

తోటమాలి గొంతు. మీ చేతులు గాల్లోనే ఆగిపోతాయి.

“గా ఆకులల్ల చెయ్యి పెట్టకుండ్రి. ముందుగాల కట్టెతోని కదలగొట్టాలె.”

పొడుగు కర్రతో అతను కుప్ప అంచును పొడుస్తాడు. ఒకసారి. రెండోసారి.

చప్పుడు.

ప్రెషర్ కుక్కర్ ఆవిరి వదిలినట్టు. పొడుగ్గా. ఆగకుండా.

పైపు పగిలిందా? ఇక్కడ పైపు లేదు.

ఆకులు కదులుతాయి. గోధుమ రంగు. లావుపాటి ఒళ్లు. వీపు మీద మూడు వరసల ముదురు మచ్చలు. ముక్కోణపు తల.

రక్తపింజర.

మీకూ దానికీ మధ్య రెండు మూరలు కూడా లేదు.

లేచి పరుగెత్తాలి. ఒళ్లంతా అదే అంటోంది. వద్దు. పరుగెడితే అడుగెక్కడ పడుతుందో చూసుకోరు. వెనక ఇంకో కుప్ప ఉంది.

“నిదానంగా లేవండి.” టీచరమ్మ. గొంతు పెంచలేదు. “చేతులు దగ్గరికి. కింద చూసుకుంటూ వెనక్కి. ఒక్కో అడుగు.”

లేస్తారు. మోకాలు వణుకుతోంది.

కుడికాలు. ఎడమకాలు.

మడమకు ఏదో తగిలింది. ఊపిరి ఆగింది.

కట్టెపుల్ల.

ఇంకో అడుగు. బుస ఆగలేదు. తల వెనక్కి లాగి పెట్టుకుంది. ఇంకో అడుగు. ఇంకోటి.

మూడు బారల దూరం. ఇప్పుడు ఊపిరి పీల్చుకోండి.

అది మీ వెంట పడదు. ఏ పామూ మనిషిని తరమదు. ఆ బుస దూరం పొమ్మని చెప్పడమే. మీరు దూరం పోయారు, అది మళ్లీ చుట్ట చుట్టుకుంటోంది.

“కరిస్తే?” అనే మాట మీ నోట్లోంచి వచ్చేస్తుంది. టీచరమ్మ దాచరు. కట్టు బిగించకూడదు, కోయకూడదు, నోటితో పీల్చకూడదు, మంత్రానికి పోకూడదు. కరిచిన చేతినో కాలినో కదలనివ్వకుండా, ఉంగరాలు తీసేసి, 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు ఇంజెక్షనున్న ఆస్పత్రికి చేరాలి. 2000 నుంచి 2019 దాకా లెక్కేసిన ఒక అధ్యయనంలో పాముకాటు మన దేశంలో ఏటా సగటున 58,000 మందిని చంపుతోందని తేలింది. అందులో సగం వానాకాలంలోనే. మీరు నిలబడ్డది ఆ కాలం మొదట్లో.

గోడ మీదకి తలలొచ్చేశాయి. ఫోన్లు లేచాయి. “కొట్టెయ్యన్నా, కొట్టెయ్!” పక్క అపార్టుమెంటు వాచ్‌మన్ కర్ర పట్టుకుని గేటులోంచి వచ్చేస్తున్నాడు. మీ పక్కనుంచే కుప్ప వైపు వెళ్లబోతున్నాడు. ఇప్పుడు మీరేం చేస్తారు? దారివ్వచ్చు. కొట్టేస్తే పోలేదా, పిల్లలు ఆడే చోటు కదా అని మీ మనసులోనూ ఉంది.

దారివ్వకండి.

“అన్నా, ఆగు. అది ఆకుల్లో ఉంది. ఒక్క దెబ్బ తప్పితే నీ కాలు దానికి అందుతుంది.”

“నాకు తెల్వదా పాముల సంగతి?”

“ఇది పిల్లల్ని కనే కాలం,” టీచరమ్మ అందుకుంటారు. “రక్తపింజర గుడ్లు పెట్టదు నాయనా, పిల్లల్నే కంటుంది. ఒక్కో కాన్పులో 20, 30 ఉంటాయి. పుట్టిన పిల్లకూ విషముంటుంది. అవి ఎటు పాకాయో ఎవరికి తెలుసు?”

వాచ్‌మన్ తన కాళ్లు చూసుకుంటాడు. హవాయి చెప్పులు. ఆగిపోతాడు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని చంపడం నేరమన్న మాట ఆ తరవాత చెప్పినా వింటాడు. ముందు చెప్పి ఉంటే వినేవాడు కాదు.

పనులు పంచుకుంటారు. కాలేజీ కుర్రాడు పాములు పట్టేవాళ్లకు ఫోన్ చేస్తాడు. జంటనగరాల్లో ఈ పనికి ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ ఉంది, దాని తరఫున వచ్చేదీ వాలంటీర్లే. ఒకరు పిల్లల్ని గేటు అవతల ఆపుతారు. వాచ్‌మన్ గోడ మీది జనాన్ని దింపుతాడు. మీకు అందరికంటే కష్టమైన పని పడుతుంది. పాము మీంచి చూపు తిప్పకుండా నిలబడాలి. ఎటు పోయిందో తెలియని పామే ప్రమాదం.

చూస్తున్నారు. రెప్ప వేస్తే మచ్చలు ఆకుల్లో కలిసిపోతున్నాయి. మళ్లీ వెతికి పట్టుకోవాలి. దోమలు మెడ మీద కుడుతున్నాయి. చెయ్యెత్తి కొట్టుకోవచ్చు, చూపు మాత్రం అక్కడే. కుర్రాడు మీ పక్కకొచ్చి ఫోన్‌లో చదివి చెబుతాడు. దీని ఇంగ్లీషు పేరుకు మూలమైన ప్యాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో ఉండి కోరమాండల్ తీరపు పాముల్ని సేకరించాడట, 1796లో పుస్తకం అచ్చేశాడట. మీరు ఊఁ కొడతారు. చూపు తిప్పరు.

అలా చూస్తుండగానే మిగతావీ కనబడతాయి. కుప్ప వెనక గోడ మొదట్లో పందికొక్కు బొరియలు. ఒకటి కాదు, వరసగా నాలుగు. బొరియల ముందు చిరిగిన ప్లాస్టిక్ కవర్లు, అన్నం మెతుకులు, బిర్యానీ డబ్బాలు, ఫంక్షన్‌లో తిని విసిరేసిన విస్తళ్లు. గోడ అవతలి నుంచి పడ్డవి. పాము ఇక్కడికెందుకొచ్చిందని ఇక మీరు అడగనక్కర్లేదు. అన్నం కోసం పందికొక్కులొచ్చాయి, పందికొక్కుల కోసం అది వచ్చింది.

అరగంటకు బండి ఆగిన చప్పుడు. ఒకమ్మాయి, మహా అయితే పాతికేళ్లు, హెల్మెట్ తీసి నేరుగా మీ దగ్గరికే వస్తుంది. “ఎక్కడుందండీ?” మీరు చూపు తిప్పకుండా వేలు చూపిస్తారు. ఆమె చేతిలో కొక్కెం కర్ర, ప్లాస్టిక్ గొట్టం, గొట్టం చివర గట్టిగా బిగించిన గుడ్డ సంచి. తొందరపడదు. ఆకుల్ని కొక్కెంతో ఒక్కో పొర తీస్తుంది. గొట్టం మూతిని పాము ముందు పెడుతుంది. పాముకు చీకటి కావాలి. గొట్టంలో చీకటి ఉంది. బుసకొడుతూనే తల లోపలికి పెడుతుంది, తరవాత ఒళ్లు, చివరికి తోక. సంచి మూతి మెలితిప్పి ముడేస్తుంది. ఎవరూ దాన్ని చేత్తో ముట్టుకోలేదు. కుప్పంతా కొక్కెంతో వెతుకుతుంది. పిల్లలేమీ లేవు. అటవీ శాఖకు చెప్పి అడవిలో వదులుతామంటుంది, మీ పేరు రాసుకుని వెళ్లిపోతుంది.

ఎనిమిదిన్నర. ఇంటికి వెళ్లిపోవచ్చు, ఎవరూ తప్పుపట్టరు. మీరు పార అందుకుంటారు.

ఇప్పుడు ముందు కర్ర, తరవాత పార, ఆఖరికే చెయ్యి. గోడ మొదట్లో ఎంగిలి డబ్బాలన్నీ సంచుల్లోకి ఎక్కిస్తారు. వాసనకు కడుపులో తిప్పుతుంది. తోటమాలి బొరియల్లో రాళ్లు కొట్టి మట్టి కప్పుతాడు. ఆకులు ఇటుక గుంతలోకి చేరతాయి, మీద పేడనీళ్లు పడతాయి. వాచ్‌మన్ గోడ అవతల నిలబడి మేడ మీది ఇంటికి వినబడేలా అరుస్తున్నాడు, కవర్లు ఇటు పారేస్తే ఊరుకోనని.

మీ వీధి చివరా ఇలాంటి పార్కు ఉండే ఉంటుంది. రేపు పొద్దున వెళ్లండి. చీపురు కొనకండి, బోర్డు పెట్టకండి, ఫొటోలు దిగకండి. ముందు తోటమాలి పక్కన కూర్చుని అడగండి, ఎక్కడ నీళ్లందడం లేదు, ఏ చెట్టుకు తీగ బిగిసింది, ఏ మూల చెత్త పడుతోంది అని. పార్కు గురించి అతనికి తెలిసినంత అక్కడ ఇంకెవరికీ తెలియదు, అతన్ని ఎవరూ అడిగి ఉండరు. తరవాత వారానికి రెండు గంటలివ్వండి. బూట్లు వేసుకుని వెళ్లండి. పాములు పట్టేవాళ్ల నంబరు ఫోన్‌లో దాచుకోండి. ఇంట్లో మిగిలిన అన్నాన్ని మాత్రం ఈ రోజు నుంచే ఆ గోడ అవతలికి విసరకండి.