సరూర్‌నగర్ చెరువులో గుర్రపు డెక్క ఎందుకు పోవడం లేదు? యూరియా బస్తాకు, మన డ్రైనేజీకి లింక్ ఇదే..

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వాసులకు సరూర్‌నగర్ చెరువు గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. యంత్రాలు పెట్టి గుర్రపు డెక్క తీసేస్తారు. కొన్నాళ్లకే మళ్లీ పచ్చగా కమ్మేస్తుంది. లోపం ఒక్క చెరువులోనే లేదు. పొలం నుంచి మన వంటింటి దాకా సాగే నైట్రోజన్, ఫాస్ఫరస్ చక్రాల్లో ఉంది. అదెలాగో చూద్దాం..

గాలి నుంచి బస్తాలోకి

గాలిలో 78 శాతం నైట్రోజనే. కానీ మొక్కలు దాన్ని నేరుగా వాడుకోలేవు. కంది, పెసర లాంటి పప్పుజాతి పంటల వేర్ల బుడిపెల్లో ఉండే బ్యాక్టీరియా దాన్ని మొక్కకు పనికొచ్చేలా మారుస్తుంది. జర్మన్ శాస్త్రవేత్తలు ఫ్రిట్జ్ హేబర్, కార్ల్ బాష్ రూపొందించిన పద్ధతితో 1913 నుంచి ఫ్యాక్టరీలు కూడా ఆ పని మొదలుపెట్టాయి. మన రామగుండంలో యూరియా తయారయ్యేది కూడా అదే మూలసూత్రంతో. 45 కిలోల యూరియా బస్తాలో 20 కిలోలకు పైగా నైట్రోజన్ ఉంటుంది.

అయితే పొలంలో చల్లిందంతా పంటకు అందదు. కొంత అమ్మోనియాగా గాల్లో కలుస్తుంది. కొంత నైట్రేట్‌గా భూగర్భ జలాల్లోకి దిగుతుంది. ఇంకొంత నైట్రస్ ఆక్సైడ్ అవుతుంది. భూమిని వేడెక్కించడంలో ఇది కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 270 రెట్లు శక్తివంతమైన వాయువు.

రైతుబజార్ నుంచి నాలాలోకి

పంట తీసుకున్న నైట్రోజన్ బియ్యం, పప్పు, కూరగాయల రూపంలో నగరానికి వస్తుంది. పెద్దవాళ్లు తిన్న నైట్రోజన్‌లో దాదాపు అంతా బయటికే పోతుంది. అదీ ఎక్కువగా మూత్రంలోని యూరియాగా! రైతు బస్తాలో ఉండేదీ, మన మూత్రంలో ఉండేదీ ఒకటే పదార్థం. దానికి ఫాస్ఫరస్ కూడా తోడవుతుంది. ఈ మురుగు చెరువులో కలిస్తే గుర్రపు డెక్కకు ఎరువు వేసినట్టే. అనుకూలిస్తే ఆ మొక్క రెండు వారాల్లోనే రెట్టింపవుతుంది. అది కుళ్లితే నీటిలో ఆక్సిజన్ పడిపోయి చేపలు చస్తాయి.

తీసేసినా ఎందుకొస్తోంది?

నైట్రోజన్‌లో కొంత తిరిగి గాల్లోకి వెళ్తుంది. ఫాస్ఫరస్‌కు ఆ దారి లేదు. చెరువు అడుగున పూడికలో పేరుకుపోయి, మెల్లగా నీటిలోకి వదులుతూ ఉంటుంది. తీసిన డెక్కను గట్టు మీదే వదిలేస్తే, వానకు ఆ పోషకాలన్నీ మళ్లీ చెరువులోకే వస్తాయి.

మూసీ చెప్పే పాఠం

నాగోల్ దాటాక పర్వతాపురం, కాచివాని సింగారం వైపు మూసీ నీటితో పశుగ్రాసం, వరి పండించారు. ఒకరకంగా నగరం తిన్న ఎరువు పొలానికి తిరిగి చేరినట్టే. కానీ దాంతోపాటు రోగకారక క్రిములు, రసాయనాలు కూడా వస్తాయి. నైట్రోజన్ మోతాదు మించితే వరి ఏపుగా పెరిగి పడిపోతుంది.

మరి ఏం చేయాలి?

* మురుగును చెరువులోకి రాకుండా మళ్లించాలి. శుద్ధి కేంద్రాల్లో నైట్రోజన్, ఫాస్ఫరస్ తొలగించే దశలు కూడా ఉండాలి.
* తీసిన గుర్రపు డెక్కను గట్టు మీద వదలకుండా వెంటనే తరలించాలి.
* ఇంట్లో తడి చెత్తను వేరు చేసి కంపోస్ట్ చేస్తే పోషకాలు మట్టికి చేరతాయి.
* రైతులు భూసార పరీక్షను బట్టి యూరియాను దఫాలుగా వేయాలి. జనుము, జీలుగ లాంటి పచ్చిరొట్ట ఎరువులు వాడితే బస్తాల ఖర్చూ తగ్గుతుంది.

పొలానికి తిరిగి వెళ్లాల్సిన పోషకాలు నాలా బాట పట్టినంత కాలం డెక్క తీస్తూనే ఉండాలి.. అది మొలుస్తూనే ఉంటుంది.